పెళ్లంతా ఒక్క డిస్కులో... పట్టేనా?

అయిదున్నర గంటల పెళ్లి క్యాసెట్లను ఒకే ఒక్క డీవీడీలోకి ఎక్కించి ఇస్తామంటే ఎవరికి మాత్రం సంతోషంగా ఉండదు? తీరా టీవీలో పెట్టి చూస్తే అయినవాళ్ల ముఖాలన్నీ గళ్లగళ్లుగా విడిపోతే? తప్పు డిస్కుది కాదు, టీవీదీ కాదు. లెక్కది! బీరువాలోని పాత క్యాసెట్లను డీవీడీలుగా మార్పించాలనుకుంటున్నవారు ముందు ఆ లెక్కేంటో తెలుసుకోవాలి.

మా చిన్న మేనత్త పెళ్లి 1996లో జరిగింది. భుజాన పెద్ద వీడియో కెమెరాతో ఒకాయన, ఆయన వెనకాలే లైటు పట్టుకుని ఒక కుర్రాడు, ఆ కుర్రాడి వెనక వైరు సర్దుతూ ఇంకో కుర్రాడు... అప్పట్లో పెళ్లి వీడియో అంటే అదో హడావుడి. మొత్తం రెండు వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, అయిదున్నర గంటల పెళ్లి. వచ్చిన చుట్టాలందరికీ కాఫీలిచ్చి మరీ చూపించేవాళ్లం. 2001లో తాతయ్య పోయారు. ఫొటోల్లో ఉన్నారు కానీ, నడుస్తూ నవ్వుతూ మాట్లాడుతూ ఆయన కనిపించేది ఆ రెండు క్యాసెట్లలోనే.

2006 నాటికి వీసీఆర్ మూలపడింది. ఊళ్లో ఒక స్టూడియోవాళ్లు ‘రెండు క్యాసెట్లూ ఒకే డీవీడీలో ఎక్కిస్తాం’ అన్నారు. మహదానందంగా ఇచ్చేశాం. డిస్కు రాగానే ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. కన్యాదానం దాకా బాగానే ఉంది. తలంబ్రాల దగ్గరకొచ్చేసరికి తెరంతా గళ్లు. పెళ్లికూతురి వెనక నిలబడి నవ్వుతున్న తాతయ్య ముఖం నాలుగైదు రంగు ముక్కలుగా విడిపోయింది. నానమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది. మళ్లీ చూసింది. ‘నా కళ్లే బాగాలేవేమోరా’ అంది.

కళ్లు బాగానే ఉన్నాయి. బాగాలేనిది డిస్కు. అంతకన్నా పెద్ద తప్పు మేమే చేశాం. డీవీడీ వచ్చేసిందిగా, ఇక క్యాసెట్లెందుకు అని వాటిని అప్పటికే పాతసామాన్లవాడికి వేసేశాం!

ఇలాంటి కథ మా ఒక్క ఇంట్లోదే కాదు. ఇప్పటికీ ఎన్నో ఇళ్ల అటకల మీద పెళ్లిళ్లూ అన్నప్రాశనలూ ఓణీల పండుగలూ క్యాసెట్లలోనే నిద్రపోతున్నాయి. వీసీఆర్లు తయారుచేసే చివరి సంస్థ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016లోనే వాటి ఉత్పత్తి ఆపేసింది. పనిచేసే వీసీఆర్ దొరకడమే కష్టమవుతున్న ఈ రోజుల్లో క్యాసెట్టును మార్పించే అవకాశం బహుశా ఒక్కసారే రావచ్చు. ఆ ఒక్కసారీ సరిగ్గా చేయించుకోవాలి కదా!

అయిదు నిమిషాలకే నిండిపోయే డిస్కు

డీవీడీ మీద 4.7 జీబీ అని రాసి ఉంటుంది. అంటే 470 కోట్ల బైట్లు. (అదే డిస్కును కంప్యూటర్లో పెడితే దాదాపు 4.38 జీబీ అని చూపిస్తుంది. దుకాణదారు మోసం చేయలేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కపెడితే, కంప్యూటరు 1024 చొప్పున లెక్కపెడుతుంది. తేడా అంతే.)

చాలా పెద్ద అంకెలానే ఉంది కదూ? ఇప్పుడు బొమ్మ సంగతి చూడండి. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో డీవీడీ బొమ్మ అంటే అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. సెకనుకు అలాంటి బొమ్మలు 25. వాటిని ఉన్నవున్నట్టు దాచాలంటే సెకనుకు దాదాపు 12 కోట్ల 44 లక్షల బిట్లు కావాలి. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఆ లెక్కన డీవీడీ మొత్తం ఎంతసేపట్లో నిండిపోతుందో తెలుసా? అయిదు నిమిషాల్లో! గణపతి పూజ కూడా పూర్తికాదు.

మరి మూడు గంటల సినిమాలు ఎలా పట్టేవి? అక్కడే ఉంది ‘ఎంపెగ్-2’ మహిమ. ఇది ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచదు. సాధారణంగా 12, 15 బొమ్మలకు ఒకదాన్నే పూర్తిగా దాస్తుంది. మిగతావాటిలో ‘ముందు బొమ్మకూ దీనికీ ఏం మారింది?’ అన్నది మాత్రమే రాసుకుంటుంది. పురోహితుడు మంత్రాలు చదువుతుంటే వెనక మండపం, అరటిబోదెలు, పూలదండలు కదలవు. కదిలేది ఆయన పెదవులూ చేతులే. కాబట్టి రాసుకోవాల్సింది కొంచెమే. దానికితోడు మన కంటికి అంతగా ఆనని సూక్ష్మమైన వివరాలను వదిలేస్తుంది. అలా అయిదు నిమిషాల డిస్కులో రెండు గంటల వీడియో పడుతుంది, అదీ చూడచక్కగా.

పట్టేలా చేయడం దాని పని. ఎంత పట్టించాలన్నది మాత్రం మన నిర్ణయం. సరిగ్గా అక్కడే వస్తుంది చిక్కు.

సూట్‌కేసు సూత్రం

అమెరికా వెళ్లే కొడుక్కి సూట్‌కేసు సర్దే అమ్మను చూశారుగా. పెట్టె 23 కిలోలకు మించకూడదు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, అరిసెలు... అన్నీ పెట్టాలని ఉంటుంది. రకాలు పెరిగేకొద్దీ ఒక్కోదాని వంతు తగ్గుతుంది. డీవీడీ కూడా అంతే. పెట్టె పెరగదు. నిమిషాలు పెరిగితే ఒక్కో నిమిషానికి వచ్చే వంతు తగ్గిపోతుంది.

ఆ వంతునే ‘బిట్‌రేట్’ అంటారు. సెకను బొమ్మకు ఎన్ని బిట్లు ఇస్తున్నామన్నమాట. దాన్ని కనుక్కోవడానికి కంప్యూటర్ కోర్సులేవీ అక్కర్లేదు. 600ను వీడియో నిడివితో, అంటే నిమిషాలతో, భాగించండి. వచ్చేది సెకనుకు ఎన్ని మెగాబిట్లో చెబుతుంది. మాటలు, సంగీతం వాటా కూడా అందులోనే. (కచ్చితంగా చెప్పాలంటే 627 అనాలి. మెనూలకీ ఇతర అవసరాలకీ కాస్త వదిలేసి 600 అనుకుంటే నిశ్చింత.)

గంట వీడియోకు 10 వస్తుంది. గంటన్నరకు 6.7. రెండు గంటలకు 5. మూడు గంటలకు 3.3. నాలుగు గంటలకు 2.5. మరి మా అత్తయ్య పెళ్లికి? అయిదున్నర గంటలంటే 330 నిమిషాలు. 600ను 330తో భాగిస్తే 1.8!

ఈ అంకెల్ని ఎలా అర్థం చేసుకోవాలి? కెమెరాతో తీసిన పెళ్లి వీడియోకు 6 నుంచి 8 దాకా ఉంటే కళకళలాడుతుంది. 5 ఉంటే చాలామందికి తేడా తెలియదు. 4కు దిగితే కదలికలున్నచోట మసక మొదలవుతుంది. 3 కన్నా తగ్గితే ఇక గళ్లే. అలాగని గంట వీడియోకు 10 పెట్టేయమనకండి. డీవీడీ ప్రమాణాల ప్రకారం బొమ్మకు గరిష్ఠ పరిమితే 9.8. ఇంట్లో, స్టూడియోల్లో రాసిన డిస్కుల్లో 8 దాటితే కొన్ని ప్లేయర్లు ఆగి ఆగి నడుస్తాయి. అందుకే అనుభవమున్నవాళ్లు 8 దగ్గరే ఆపేస్తారు.

పాత వీసీడీలు గుర్తున్నాయా? వాటిలో బొమ్మ వంతు 1.15 మాత్రమే. కానీ ఆ బొమ్మ సైజు డీవీడీ బొమ్మలో నాలుగోవంతు. మా డిస్కులో మాటల వాటా పోగా బొమ్మకు మిగిలింది 1.6. బొమ్మ మాత్రం నాలుగింతలు పెద్దది. పేరుకు డీవీడీయే... ఒక్కో చుక్కకు దక్కింది వీసీడీకన్నా తక్కువే!

తలంబ్రాలంటే హడల్

మరి కన్యాదానం బాగుండి, తలంబ్రాల దగ్గరే ఎందుకు చెడింది? కదలనిదాన్ని మళ్లీ రాయనక్కర్లేదన్నదే కదా ఎంపెగ్ కిటుకు. తలంబ్రాల్లో కదలనిదేముంది? వేల బియ్యపు గింజలు తలో దిక్కుకూ ఎగురుతుంటాయి. ఏ గింజా ముందు బొమ్మలో ఉన్నచోట ఉండదు. చుట్టాల చేతులు ఊగుతుంటాయి. పైగా ఫొటోగ్రాఫరు ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ తెరంతా ఒక్కసారిగా తెల్లబడుతుంది. ‘అంతా మారిపోయింది, మళ్లీ మొదట్నుంచీ రాసుకోవాలి’ అనుకుంటుంది కంప్యూటరు. రాసుకోవడానికి చోటు ఉండదు. అప్పుడేం చేస్తుందంటే, బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పున్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికీ ఉజ్జాయింపుగా ఓ రంగు పులిమేస్తుంది. మనకు కనిపించే గళ్లు అవే.

హోమం పొగ, పట్టుచీర జరీ మెరుపులు, ఊరేగింపులో చిచ్చుబుడ్లు, నిలకడలేని కెమెరా... అన్నీ ఇదే బాపతు. పాత క్యాసెట్టుతో ఇంకో తంటా ఉంది. దాని మీద ఎప్పుడూ సన్నటి చుక్కల ‘వాన’ కురుస్తుంటుంది. మనం దాన్ని పట్టించుకోం. కంప్యూటరుకు మాత్రం అదీ కొత్త సమాచారమే! అసలు బొమ్మకు దక్కాల్సిన బిట్లను ఈ వానకు ధారపోస్తుంది. అందుకే డీవీడీగా మార్చేముందు ఆ వానను కొద్దిగా తగ్గించే ఫిల్టరు వాడాలి. కొద్దిగానే! మోతాదు మించితే ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి.

వడ్డనలో ఉంది కిటుకు

పంక్తి భోజనాల్లో పసివాడికీ పహిల్వానుకీ ఒకే కొలతలో అన్నం పెడితే ఏమవుతుంది? ఒకరి విస్తట్లో మిగిలిపోతుంది, ఇంకొకరికి చాలదు. బిట్లను ప్రతి సెకనుకూ ఒకే కొలతలో పంచే పద్ధతి ఒకటుంది. దాన్ని ‘సీబీఆర్’ అంటారు. మంత్రాలు చదివే దృశ్యానికీ తలంబ్రాలకీ ఒకటే వంతు. రెండోది ‘వీబీఆర్’. ఆకలిని బట్టి వడ్డన. మంత్రాల దగ్గర మిగిల్చింది తలంబ్రాలకు పెడుతుంది.

ఇందులోనూ ‘టూ పాస్’ అనే పద్ధతి మరీ మంచిది. మొదటిసారి వీడియో మొత్తాన్ని చూసి ఎక్కడ ఎంత కావాలో లెక్క రాసుకుంటుంది. రెండోసారి ఆ లెక్క ప్రకారం పంచుతుంది. వంటమాస్టారు పొయ్యి వెలిగించకముందే విస్తళ్ల లెక్క అడిగినట్టు. సమయం దాదాపు రెట్టింపు పడుతుంది. కానీ రెండు గంటలు దాటిన వీడియోల్లో ఫలితం కంటికి కనిపిస్తుంది. గంట వీడియో అయితే ఈ శ్రమ అక్కర్లేదు. అందరికీ కడుపునిండా ఉన్నప్పుడు కొలతలెందుకు?

అలాగని దీన్ని మంత్రదండం అనుకోవద్దు. బియ్యమే చాలనప్పుడు ఎంత బాగా వడ్డించినా ఎవరో ఒకరు అర్ధాకలితో లేవాల్సిందే.

మాటల వాటాలోనూ పొదుపు చేయొచ్చు. ధ్వనిని పిండకుండా పీసీఎమ్ రూపంలో పెడితే సెకనుకు ఒకటిన్నర మెగాబిట్లు తినేస్తుంది. మూడు గంటల డిస్కులో అది దాదాపు సగం వాటా! అదే డాల్బీ డిజిటల్‌లో 0.2 చాలు. పాత క్యాసెట్టులోని సన్నాయి, మాటలు అందులో చక్కగా ఇమిడిపోతాయి.

క్యాసెట్టుకు తగ్గ కొలత

ఇక్కడో చిత్రమైన సంగతి. వీహెచ్‌ఎస్ క్యాసెట్టులో అడ్డంగా ఉండే వివరాలు దాదాపు 240 గీతలంతే. దాన్ని 720 చుక్కల డీవీడీ బొమ్మలో పోసినంత మాత్రాన కొత్త వివరాలు పుట్టుకురావు. శేరు పాలను మూడు శేర్ల గిన్నెలో పోస్తే మూడు శేర్లవుతాయా? అందుకే డీవీడీ ప్రమాణాల్లోనే ‘హాఫ్ డీ1’ అనే కొలత ఉంది. అడ్డంగా 352, నిలువుగా 576 చుక్కలు. క్యాసెట్టులో ఉన్నదంతా అందులో పట్టేస్తుంది. చుక్కలు సగమే కాబట్టి ఒక్కోదానికీ వచ్చే వంతు రెట్టింపవుతుంది. మూడు గంటల క్యాసెట్టును ఒక డిస్కులో పెట్టక తప్పదంటే ఇదే దారి. డిజిటల్ కెమెరాతో తీసిన వీడియోకు మాత్రం ఇది పనికిరాదు, బొమ్మ మెత్తబడిపోతుంది.

రెండు పొరల డిస్కులూ ఉన్నాయి, 8.5 జీబీవి. కంపెనీలు అచ్చువేసే సినిమా డీవీడీల్లో చాలావాటికి వాడింది వాటినే. వాటికైతే మన సూత్రంలో 600కు బదులు 1080 వేసుకోవాలి. స్టూడియోలో రాసిన రెండు పొరల డిస్కులతో కొన్ని పాత ప్లేయర్లు మొరాయిస్తాయి కాబట్టి ముందు ఒకటి చేయించి చూసుకోవడం మంచిది. అన్నిటికన్నా తేలిక మార్గం మరోటుంది. ఒక డిస్కు బదులు మూడు! అయిదున్నర గంటల్ని మూడు డిస్కుల్లో పెడితే ఒక్కోదాంట్లో 110 నిమిషాలు. 600ను 110తో భాగిస్తే దాదాపు 5.5. పెళ్లికూతుర్ని చేయడం నుంచి జీలకర్రా బెల్లం దాకా ఒకటి, తలంబ్రాలు, భోజనాలు ఒకటి, అప్పగింతలు ఒకటి. లక్షలు పోసి చేసిన పెళ్లికి ఇంకో రెండు డిస్కుల ఖర్చు ఏపాటి?

ఏది ఉంచాలి... ఏది తీయాలి?

‘అయిదు గంటలు ఎవరు చూస్తారు? గంటన్నరకు కుదించండి’ అనేవాళ్లూ ఉంటారు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. గోడలూ ఖాళీ కుర్చీలూ, వరసగా చదివింపులూ తీసేస్తే డిస్కు హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. చూసేవాళ్లకూ విసుగు ఉండదు. నాణ్యతను కోయడం కన్నా నిడివిని కోయడమే ఎప్పుడూ నయం.

కానీ ఒక్క జాగ్రత్త. కోత డిస్కుకే పరిమితం కావాలి. అసలుకు కాదు. ఈరోజు పనికిరాదనిపించిన దృశ్యమే రేపు అపురూపం కావచ్చు. కాబట్టి క్యాసెట్టు మొత్తాన్నీ ముందు ఎక్కువ నాణ్యతతో కంప్యూటర్లోకి తీసుకుని, దాన్ని ‘అసలు ప్రతి’గా దాచాలి. డీవీడీ దాన్నుంచి తీసిన నకలు మాత్రమే. ‘డీవీ’ రూపంలో అసలు ప్రతికి గంటకు దాదాపు 13 జీబీ కావాలి. అయిదున్నర గంటలకు 70 జీబీ పైమాటే. 2006లో చాలా కంప్యూటర్లలో హార్డ్‌డిస్కులే 40, 80 జీబీలుండేవి. అంత పెద్ద ఫైలును మా స్టూడియో ఆయన ఎవరి కోసం దాస్తాడు? ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. అరచేతిలో పట్టే ఒక టెరాబైటు హార్డ్‌డిస్కులో ఇలాంటి పెళ్లిళ్లు పదికి పైగా పడతాయి.

ఒకసారి డీవీడీగా పిండేసినదాన్ని మళ్లీ పిండితే, జిరాక్సుకు జిరాక్సు తీసినట్టే. ప్రతిసారీ ఎంతోకొంత పోతుంది. పోయినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా వెనక్కి తేలేదు. ఇవాళ పెన్‌డ్రైవుల్లో వస్తున్న వీడియోలకు వాడే హెచ్.264 పద్ధతి, ఎంపెగ్-2తో పోలిస్తే దాదాపు సగం బిట్లతోనే అదే నాణ్యత ఇస్తుంది. అయితేనేం? అదీ ఉన్న బొమ్మను దాస్తుందే కానీ, లేని ముఖాన్ని గీయలేదు.

చేయించే ముందు... అడగాల్సినవి

• ఒక డిస్కులో ఎన్ని నిమిషాలు పెడుతున్నారు? రెండు గంటలు దాటితే ఇంకో డిస్కు అడగండి.

• క్యాసెట్టు నుంచి తీసిన అసలు ఫైలును హార్డ్‌డిస్కులో ఇస్తారా? డీవీడీతోపాటు అది తప్పనిసరి. వీలైతే రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు ఇళ్లలో దాచండి.

• అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలా? అక్కడిది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. మన పాల్ డిస్కు అక్కడి చాలా ప్లేయర్లలో ఆడదు. వాళ్లకు వేరుగా చేయించండి, లేదా ఫైలే పంపండి.

• డిస్కును గరిష్ఠ వేగంతో కాక మధ్యస్థ వేగంతో రాయమనండి. రాశాక సరిచూసే ‘వెరిఫై’ తప్పనిసరి. కాగితపు స్టిక్కర్లు అతికించొద్దు, మార్కరు పెన్నుతో పైభాగాన రాస్తే చాలు. ఎండ, వేడి తగలనీయొద్దు.

• డిస్కు చేతికి రాగానే మొదట్నుంచీ చూడకండి. తలంబ్రాలు, హోమం, ఊరేగింపు ఎక్కడున్నాయో నేరుగా అక్కడికే వెళ్లండి. అవి బాగుంటే అన్నీ బాగున్నట్టే.

• అన్నిటికన్నా ముఖ్యం... క్యాసెట్లను పారేయకండి!

అటక మీద దొరికింది

మా కథ అక్కడితో ముగిసిపోలేదు. 2023లో మామయ్యవాళ్ల ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీది ట్రంకుపెట్టెలో మగపెళ్లివారి కోసం తీసిన రెండో జత క్యాసెట్లు బయటపడ్డాయి. కాస్త బూజు పట్టాయి. నేరుగా వీసీఆర్లో పెడితే టేపూ వీసీఆరూ రెండూ చెడతాయని, తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించాం. పనిచేసే వీసీఆర్ ఉన్న దుకాణం వెతికి, మొత్తం హార్డ్‌డిస్కులోకి ఎక్కించాం. నానమ్మకు రిమోట్‌లో తెలిసింది డీవీడీ ప్లేయర్ మీటే కాబట్టి ఆమె కోసం మూడు డిస్కులూ చేయించాం.

తలంబ్రాల్లో తాతయ్య ముఖం ఈసారి తెలిసింది. నకలు క్యాసెట్టు కదా, కొంచెం మసకే. కానీ తాతయ్యే. అయితే నానమ్మ ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూస్తున్నది అది కాదు. ఏ ఎడిటరైనా మొదట తీసిపారేసే భోజనాల దృశ్యం. అందులో తాతయ్య నెయ్యిగిన్నె పట్టుకుని పంక్తి వెంట నడుస్తుంటారు. ఎవరో చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతిని పక్కకు తీసి మరీ వడ్డిస్తారు.

‘చూశావా, వద్దన్నా వినేవారు కాదు’ అంది నానమ్మ. ఈసారి కళ్లజోడు తుడుచుకోలేదు.